తప్పిపోయిన స్కాట్లాండ్ వారసులు దొరకాలంటే ఆడపిల్లల వెంట వెళ్ళాలి

వంశంలో పైకి ఎక్కడం తేలిక. ఎవరికైనా తల్లిదండ్రులు ఇద్దరే కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా వెతకాల్సింది ఇద్దరినే. కిందికి దిగడం వేరు. తెనాలి చుట్టుపక్కల ఏ చేలో నిలబడి నీటికి ఎదురు నడిచినా చివరికి ప్రకాశం బ్యారేజీకే చేరతాం. అదే బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి, ఈ నీళ్ళు ఏయే చేలల్లో పడ్డాయో చెప్పమంటే ప్రతి లాకు దగ్గరా, ప్రతి తూము దగ్గరా ఆగి చూసుకోవాల్సిందే.

నేను సబ్ రిజిస్ట్రారుగా రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి ఎడిన్‌బరాలో ఉంటుంది, అల్లుడు స్కాట్లాండ్ వాడు. నాకు దస్తావేజుల పిచ్చి ఉందని తెలిసి మా వియ్యపురాలు ఒక పని అప్పగించారు. ఆవిడ ముత్తాతగారిది ఆంగస్ ప్రాంతంలో కిర్రిమ్యూర్ దగ్గర కౌలు సేద్యం చేసిన కుటుంబం. 1861 జనగణనలో ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు కనిపిస్తారు. వాళ్ళలో ఆవిడకి తెలిసింది ఒక్క ముత్తాత సంతానమే. మిగతా ఆరుగురి పిల్లలూ మనవలూ ఏమయ్యారో కనుక్కోవాలి. బతికున్నవాళ్ళు తేలారు కాబట్టి ఇంటిపేరు ఇక్కడ రాయను. పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. స్కాట్లాండ్ సంబంధం చేసుకున్న తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ లేరు. పాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో స్కాట్లాండ్ ఇంటిపేర్లతో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ముందుగా ఒక జంటను ఎంచుకోండి. వాళ్ళ నుంచే కిందికి దిగుతాం. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంటుంది చూడండి, అలాంటి కాగితం ఒకటి ఆ జంటకు మీరే తయారు చేసుకోవాలి. పిల్లలందరి పేర్లు, పుట్టిన ఏళ్ళు, చివరిసారి ఎక్కడ కనిపించారు అన్న మూడు గళ్ళు చాలు. ఇందుకు జనగణన పత్రాలు ఆధారం. స్కాట్లాండ్‌లో 1841 నుంచి 1921 దాకా పదేళ్ళకోసారి తీసినవి చూడటానికి దొరుకుతాయి. 1841 దాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. అందులో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును అయిదు చొప్పున కిందికి తగ్గించి రాశారు, ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో రాయలేదు.

ఒక జనగణనలో ఉండి తర్వాతి దాంట్లో లేని పిల్లవాడు నాలుగింట్లో ఒకటి అయి ఉంటాడు: చనిపోయాడు, పెళ్ళయి వెళ్ళాడు, ఎక్కడో పనికి కుదిరాడు, దేశం దాటాడు. చావు నమోదులు ముందు చూడండి. చాలామంది ఆశతో నేరుగా ఓడల జాబితాల్లోకి దూకుతారు. తీరా పిల్లవాడు ఎనిమిదేళ్ళప్పుడే పోయి ఉంటాడు. చనిపోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు కాబట్టి, అదే పేరు మళ్ళీ కనిపించిందని వాడు బతికే ఉన్నాడనుకోకూడదు.

స్కాట్లాండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువన్నీ పాత పారిష్ రిజిస్టర్లు, అంటే ఊరి చర్చి పుస్తకాలు. వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్ ఊరిది, 1553 నాటిది. పారిష్ నమోదు తప్పనిసరి కాదు. పైగా 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను వేశారు. మన జనం స్టాంపు డ్యూటీ పెరిగితే ఏం చేస్తారో అక్కడి పేదలూ అదే చేశారు, నమోదు మానేశారు. 1843లో చర్చి రెండుగా చీలి ఫ్రీ చర్చి ఏర్పడ్డాక చాలా కుటుంబాలు అటు వెళ్ళిపోయాయి. అందుకని 1855కు ముందు పారిష్ రిజిస్టరులో పేరు లేనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు.

1855 సంవత్సరం మాత్రం అచ్చంగా వరం. ఆ ఒక్క ఏడాది జనన పత్రంలో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊళ్ళు, పెళ్ళి ఎప్పుడు ఎక్కడ అయింది, అంతకు ముందు పుట్టిన పిల్లలెందరు, వాళ్ళలో బతికున్నదెందరు, అన్నీ అడిగారు. రాయలేక గుమాస్తాలకు చేతులు పడిపోయి ఉంటాయి, 1856లో చాలా గళ్ళు తీసేశారు. పెళ్ళి తేదీ గడి 1861లో తిరిగి వచ్చింది. మీ కుటుంబంలో 1855లో ఎవరైనా పుట్టినా, పెళ్ళి చేసుకున్నా, పోయినా మొదట ఆ కాగితమే తీయండి.

ఇవన్నీ స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉన్నాయి. సూచికలో వెతకడానికి డబ్బు అక్కర్లేదు. అసలు పత్రం బొమ్మ తెరవాలంటే, నేను ఇది రాసేనాటికి, ఒక్కోదానికి ఒకటిన్నర పౌండు. వందేళ్ళ లోపు జననాలు, డెబ్బై అయిదేళ్ళ లోపు పెళ్ళిళ్ళు, యాభై ఏళ్ళ లోపు మరణాల బొమ్మలు ఇంట్లో కూర్చుని చూడలేం. వాటికి ఎడిన్‌బరా ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు చివరనున్న జనరల్ రిజిస్టర్ హౌస్‌కు వెళ్ళాలి. రోజుకు పదిహేను పౌండ్లు కట్టి కుర్చీ తీసుకుంటే ఎన్ని పత్రాలైనా చూడొచ్చు. కిందికి దిగే పనికి ఇదే చవక, ఎందుకంటే ఒక మనిషిని పట్టుకోవడానికి పది తప్పుడు పత్రాలు తెరవాల్సి వస్తుంది. గుమ్మటం కింద ఆ వృత్తాకారపు గదిలో నిలబడితే, తడిసి చెదలు పట్టిన మా పాత రికార్డు రూములు గుర్తొచ్చి కడుపు మండింది. సరే, అది వేరే సంగతి.

అసలు కిటుకు ఆడపిల్లల దగ్గరుంది. వారసులు తప్పిపోయారంటే నూటికి ఎనభై పాళ్ళు పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్లల దగ్గరే దారి తెగిందని నేనంటాను. చాలామంది కొడుకుల గొలుసు పట్టుకుని పోతారు, కూతుళ్ళ పేర్ల పక్కన అడ్డగీత గీసి వదిలేస్తారు. ఇంగ్లండులో అయితే ఆ వదిలేయడానికి కొంత సాకుంది. స్కాట్లాండ్‌లో లేదు. ఇక్కడ చట్టం దృష్టిలో ఆడమనిషి పుట్టింటి పేరు పోదు. మరణ పత్రంలో ఆవిడ తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. పెళ్ళి పత్రంలో ఇరువైపుల తల్లిదండ్రులూ ఉంటారు. సమాధి రాళ్ళ మీద కూడా భార్యకు పుట్టింటి పేరే చెక్కుతారు. అన్నిటికీ మించి, మరణ సూచికలో పెళ్ళయిన స్త్రీని పుట్టింటి పేరు కిందా, మెట్టినింటి పేరు కిందా రెండుచోట్లా ఎక్కిస్తారు.

అంచేత కూతురు ఎవరిని పెళ్ళాడిందో తెలియకపోయినా ఇలా చేయండి. మరణ సూచికలో ఆవిడ పుట్టింటి పేరు, సొంత పేరు, పుట్టిన ఏడు వేయండి. వచ్చిన వాటిలో వయసు సరిపోయినవి తెరిచి, తల్లిదండ్రుల గడి మీ జంటతో పోల్చండి. సరిపోయిందా, భర్త పేరు అక్కడే ఉంటుంది. ఇక ఆ భర్త పేరుతో జనగణనలోకి వెళ్ళి పిల్లల్ని పట్టుకోవచ్చు. 1855 నుంచి 1875 దాకా పుట్టిన పిల్లలకు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్లో తల్లిదండ్రుల పేర్లతో ఉచితంగా వెతికే వీలుంది. అంటే తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ వేస్తే ఆ జంట పిల్లలంతా వరసగా వస్తారు. 1929 తర్వాత పుట్టినవాళ్ళకు ప్రభుత్వ సూచికలోనే తల్లి పుట్టింటి పేరు కనిపిస్తుంది. మా వియ్యపురాలి ముత్తాత అక్కచెల్లెళ్ళలో డండీలో ఇంటిపనికి కుదిరినావిడ నాకు ఇలాగే దొరికింది. ఆ ఇంట్లో తరతరాలుగా ఆవిడ పెళ్ళే చేసుకోలేదని చెప్పుకుంటున్నారు. చూస్తే అయిదుగురు పిల్లల తల్లి.

మా వృత్తిలో అలవాటైన ఇంకో సంగతి: సాక్షులను చదవండి. దస్తావేజు చేతికొచ్చిన ప్రతివాడూ ఆస్తి వివరం చూస్తాడు తప్ప సాక్షి సంతకం చూడడు. స్కాట్లాండ్ పెళ్ళి పత్రాల్లో సాక్షులు తరచుగా తోబుట్టువులే. మరణ పత్రంలో సమాచారం ఇచ్చినవాడి గడి ఇంకా మేలైంది. ‘అల్లుడు’, ‘మేనల్లుడు’, ‘మనవరాలు’ అని బంధుత్వం రాసి, చిరునామా కూడా ఇస్తారు. వారసుడు తనంతట తానే వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడన్నమాట.

పేర్ల విషయంలో మనవాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది, తాత పేరు మనవడికి పెట్టడం మనకు కొత్త కాదు. అక్కడ పాత సంప్రదాయం ప్రకారం పెద్ద కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. తల్లి పుట్టింటి పేరును బిడ్డకు మధ్య పేరుగా తగిలించడం కూడా ఎక్కువే. విచిత్రమైన మధ్య పేరు కనిపిస్తే అది ఎవరి ఇంటిపేరో వెతకండి. అయితే ఒకే తాతకు అయిదుగురు కొడుకులుంటే ఒకే పారిష్‌లో ఒకే పేరుతో అయిదుగురు మనవలుంటారు. తల్లి పుట్టింటి పేరు సరిచూడకుండా ఎవరినీ వంశవృక్షంలోకి ఎక్కించకండి.

జెస్సీ అని పిలిచే పిల్ల బాప్టిజంలో జానెట్ అయి ఉండొచ్చు. గేలిక్ భాష మాట్లాడే ఎగువ ప్రాంతాల డొనాల్డ్ దక్షిణానికి వచ్చి డేనియల్ అవుతాడు. మాక్ తో మొదలయ్యే ఇంటిపేరును గుమాస్తాకు తోచినట్టు మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఈశాన్య తీరంలో బకీ చుట్టుపక్కల జాలరి ఊళ్ళలో ఊరందరిదీ దాదాపు ఒకటే ఇంటిపేరు, అందుకని ఇంటింటికీ ఒక మారుపేరు ఉంటుంది, రికార్డుల్లోకి కూడా అది ఎక్కింది. షెట్లాండ్ దీవుల్లో పంతొమ్మిదో శతాబ్దం దాకా తండ్రి పేరే ఇంటిపేరు, ప్రతి తరానికీ మారిపోయేది. మీ కుటుంబం అక్కడిదైతే పెద్ద ఓపికే కావాలి.

భూమి కాగితాల దగ్గరకొస్తే నాకు కడుపు నిండుతుంది. స్కాట్లాండ్‌లో 1617 నుంచి భూమి చేతులు మారిన దస్తావేజులు సాసీన్ల రిజిస్టరు అనే పుస్తకాల్లో ఉన్నాయి. 1868 దాకా అక్కడ భూమిని విల్లు రాసి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోలేదు. వారసుడు తాను ఫలానావాడినని జ్యూరీ ముందు రుజువు చేసుకుంటేనే భూమి దక్కేది. ఆ రుజువుల రికార్డులు 1530 నుంచి ఉన్నాయి, చనిపోయినవాడికి వచ్చినవాడు ఏమవుతాడో వాటిలో స్పష్టంగా ఉంటుంది. 1700 తర్వాతి వాటికి అచ్చు సూచికలున్నాయి. భూమి లేని కౌలు రైతులకు వాల్యుయేషన్ రోల్స్ చూడాలి. 1855 నుంచి ప్రతి పొలానికీ ఇంటికీ యజమాని ఎవరు, కౌలుదారు ఎవరు అని రాసిన పన్ను పట్టీలు అవి. మన అడంగల్ చదివినవాడికి వాటిని చదవడం ఒక లెక్క కాదు.

విల్లులు 1513 నుంచి 1925 దాకా ఆన్‌లైన్లో ఉన్నాయి, వాటి మీద డబ్బు పెట్టడానికి వెనకాడకండి. అయితే ఎవరి విల్లు తీయాలో తెలియాలి. పిల్లలున్నవాడి విల్లులో పిల్లలే ఉంటారు. పెళ్ళి కాని మేనత్త, సంతానం లేని పినతండ్రి విల్లులో ఊరంతా ఉంటుంది. ఫలానా చెల్లెలి రెండో కూతురు, ఇప్పుడు ఫలానా దేశంలో ఫలానావాడి భార్య, ఆమెకు నా వెండి చెంచాలు అని రాసే మనిషి కావాలి మనకు. కుటుంబంలో ఒంటరిగా పోయినవాళ్ళ జాబితా వేసుకుని వాళ్ళ విల్లులే ముందు తీయండి.

ఆస్తి ఆడవాళ్ళ ద్వారా వచ్చినప్పుడు మగవాళ్ళే ఇంటిపేరు మార్చుకోవడం కూడా స్కాట్లాండ్‌లో ఉంది. మద్రాసు నుంచి మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాలు తిరిగి ఆ ప్రయాణ వివరాలను 1807లో అచ్చు వేసిన డాక్టర్ ఫ్రాన్సిస్ బుకానన్ పేరు చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. తల్లి వైపు ఎస్టేటు సంక్రమించాక ఆయన హామిల్టన్ అయ్యాడు. అందుకే గ్రంథాలయాల్లో ఒకే మనిషి రెండు పేర్ల కింద కనిపిస్తాడు. ఆయన వంశానిదే ఇంకో కథ. బుకానన్ క్లాన్ అధిపతుల వరస 1681 ప్రాంతంలో మగ సంతానం లేక ఆగిపోయింది. ఆ పీఠం తనదని ఫ్రాన్సిస్ కూడా 1820లలో వాదించాడు. చివరికి వంశాల హక్కులు తేల్చే అధికారి లార్డ్ లయన్ ఒక వారసుణ్ణి గుర్తించింది 2018లో. దాదాపు మూడు వందల నలభై ఏళ్ళ ఖాళీ. 2022 అక్టోబరులో కాలెండర్ అనే ఊరి దగ్గర ఆయన పీఠం ఎక్కాడు. పెద్ద వంశాల సంగతే ఇంతయితే కౌలు రైతుల సంగతి చెప్పాలా?

పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లల దగ్గర దారి తెగితే చర్చి పెద్దల సభ రికార్డులు చూడండి. కిర్క్ సెషన్ అంటారు దాన్ని. ఊళ్ళో ఎవరు ఎవరితో తిరిగారో విచారించి, ఆడమనిషిని నిలదీసి తండ్రి పేరు చెప్పించి, దాన్ని పుస్తకంలోకి ఎక్కించడం వాళ్ళ నిత్యకృత్యం. చదువుతుంటే ఆ ఆడపిల్లల మీద జాలేస్తుంది, ఆ పెద్దల మీద కోపం వస్తుంది. కానీ జనన పత్రంలో ఖాళీగా ఉన్న గడి అక్కడే నిండుతుంది. ఇవి ఇప్పుడు స్కాట్లాండ్స్ పీపుల్‌లో ఉచితం.

దేశం దాటినవాళ్ళకు ఊరి శ్మశానమే మొదటి ఆధారం. ‘కుమారుడు కలకత్తాలో మరణించెను’ అని తల్లిదండ్రుల రాయి మీదే చెక్కిస్తారు. స్థానిక వంశచరిత్ర సంఘాలు ఈ రాళ్ళన్నీ ఎత్తి రాసి పుస్తకాలు వేశాయి. ఆ తర్వాత పత్రికల్లోని మరణ ప్రకటనలు. చివర్లో ‘ఆస్ట్రేలియా పత్రికలు కూడా ప్రచురించగలరు’ అని ఒక ముక్క ఉంటుంది. బంధువులు ఎక్కడున్నారో చెప్పే ముక్క అది. ఆస్ట్రేలియా పాత పత్రికలకు ట్రోవ్, న్యూజిలాండ్ వాటికి పేపర్స్ పాస్ట్, రెండు వెబ్‌సైట్లూ ఉచితం. న్యూజిలాండ్‌లో డునీడిన్ ఊరిని 1848లో ఫ్రీ చర్చివాళ్ళే కట్టారు, ఎడిన్‌బరా వీధుల పేర్లే అక్కడా పెట్టుకున్నారు. తప్పిపోయినవాడు ఫ్రీ చర్చి మనిషైతే ముందు అక్కడ చూడండి.

ఆంగస్, డండీ వైపు వాళ్ళయితే కలకత్తాను మరవకండి. డండీ జూట్ మిల్లుల్లో పని నేర్చినవాళ్ళు హుగ్లీ ఒడ్డు మిల్లులకు ఓవర్సీర్లుగా, ఇంజనీర్లుగా వెళ్ళేవాళ్ళు. మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినవాళ్ళ బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎన్-2 అనే వరసలో ఉన్నాయి. వాటి బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్లో చందా కట్టి చూడాలి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే ఫిబిస్ అనే సంఘం పెట్టిన సూచికలు ఉచితం. మద్రాసు ఎగ్మూరులో స్కాట్లాండ్ వాళ్ళ సెయింట్ ఆండ్రూస్ కిర్క్ 1821లో వచ్చింది. ఇండియాలో పోయినవాళ్ళ దగ్గర ఒక జాగ్రత్త తీసుకోవాలి. పోయిన చోటు, పూడ్చిన చోటు, రాయి ఉన్న చోటు వేరు వేరు కావచ్చు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చారు, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

ఇండియా తల్లులకు పుట్టిన పిల్లల్ని వెతకడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఓడ దిగగానే పేరు మారుతుంది. స్కాట్లాండ్ మూలాలున్న కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు రెసిడెంటు, ఆయనకూ ఖైరున్నీసాకూ పుట్టిన సాహెబ్ బేగం, సాహెబ్ ఆలం 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. బాప్టిజంతో కేథరిన్ అరోరా, విలియం జార్జ్ అయిపోయారు. హైదరాబాదులో అమ్మమ్మకు మనవరాలి జాడ మళ్ళీ తెలిసింది 1840లలో, ఉత్తరాల ద్వారా. ఇలాంటి చోట బిడ్డ పేరుతో వెతికి లాభం లేదు. తండ్రి విల్లు, తండ్రి స్నేహితుల విల్లులు చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా ఉచితం, చాలా పేర్ల పక్కన తల్లిదండ్రుల పేర్లూ ఊరూ ఉంటాయి. డీఎన్‌ఏ పరీక్ష గురించి అందరూ అడుగుతారు. కాగితాలు అయ్యాక చేయించండి. నాలుగో తరం కజిన్లలో సగం మందికి ఒకరితో ఒకరికి కలిసే డీఎన్‌ఏ ముక్కే కనపడదు, కాబట్టి కలవలేదని బంధుత్వం లేదనకండి. కలిస్తే మాత్రం ఏ కొమ్మలో వెతకాలో తెలుస్తుంది.

చివరికి బతికున్న మనిషి చిరునామా దొరికాక ఫోన్ చేయకండి, ఫేస్‌బుక్‌లో సందేశాలూ పెట్టకండి. ఉత్తరం రాయండి. ఒక పేజీ, మీ పూర్తి చిరునామా, చేతి సంతకం. దానితో పాటు వంశవృక్షం కాగితం ఒకటి, అందులో చనిపోయినవాళ్ళు మాత్రమే ఉండాలి. ఆస్తి అన్న మాట ఎక్కడా రానివ్వకండి. వారసులు లేని ఆస్తి అక్కడ రాజుగారి ఖజానాకు పోతుంది, దాని కోసం వారసులను వెతికి వాటా తీసుకునే కంపెనీలూ ఉన్నాయి, ఆ పేరుతో మోసం చేసేవాళ్ళూ ఉన్నారు. ఆ వాసన తగిలితే మీ ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది. జవాబు ఇవ్వాలని లేకపోతే ఇవ్వక్కర్లేదని కూడా రాయండి. కొన్ని నెలలు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి, అంతే. దొరికినవాళ్ళ వివరాలు వాళ్ళు ఒప్పుకోకుండా ఇంటర్నెట్‌లో పెట్టకండి.

జవాబు వచ్చిందా, మొదటి ఉత్తరంలోనే పాత బైబిల్ ఉందా అని అడగండి, మొదటి పేజీల్లో పుట్టుకలు రాసుకునే అలవాటుంది వాళ్ళకు. తర్వాత ఫొటోలు. ముందువైపు కన్నా వెనకవైపు ముందు పంపమనండి. స్టూడియో పేరూ వీధీ అక్కడ అచ్చయి ఉంటాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ఉచితంగా పెట్టిన పాత పోస్టాఫీసు డైరెక్టరీల్లో ఆ స్టూడియో ఏ ఏళ్ళలో ఆ వీధిలో ఉందో చూస్తే, ఫొటోలో ఉన్నది అక్కో చెల్లో తేల్చుకోవచ్చు.